ఒంటికాలి నిద్ర

డ్రైవరక్కకు పరుపుతో పేచీ లేదు. ఈ ముక్క ముందే చెప్పేయాలి. ఎందుకంటే తర్వాత డిపోలో తలా ఒక రకంగా చెప్పుకున్నారు. కొత్తదేదీ ఆమెకు గిట్టదన్నారు, మిషనంటే భయమన్నారు, ఆడమనిషి మొండిపట్టు అన్నారు. ఒట్టి కోతలు. గేరు మార్చే పనిలేని కొత్త బస్సు డిపోకు వచ్చిన రోజున మగవాళ్లంతా దూరంగా నిలబడి పెదవి విరుస్తుంటే, ముందు ఎక్కి కూర్చున్నది ఆమే. అలాంటి మనిషి ఒక పరుపుకు భయపడుతుందా? చెప్పేవాళ్ల నోటికి మూత లేదు, అంతే.

అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు, ఆమె కంటే వయసులో పెద్దవాళ్లు కూడా. మొదట్లో వెటకారానికి అన్నారు, తర్వాత అదే ఖాయమైపోయింది. ఆమె తండ్రి ఇసుక లారీ నడిపేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. పెళ్లయ్యాక స్కూలు పిల్లల వ్యాను నడిపింది, ఆ తర్వాత సిటీ బస్సు. దూరం బస్సుకు దరఖాస్తు పెట్టినప్పుడు అప్పటి మేనేజరు ఆమెను ఎగాదిగా చూసి, "మీ ఆయన ఒప్పుకున్నాడా?" అని అడిగాడు.

"బస్సు మా ఆయనది కాదు కదా సార్," అంది అక్క.

ఆ జవాబుకు ఏడాదిన్నర కూర్చోబెట్టాడు మహానుభావుడు. ఆమె మళ్లీ మళ్లీ వచ్చి అడిగింది. చివరికి ఆమె పోరు పడలేక ఇచ్చాడు.

దూరం బస్సంటే సాయంత్రం సొంతూళ్లో ఎక్కి, తెల్లారేసరికి అవతలి ఊళ్లో దిగడం. పగలంతా అక్కడి డిపోలో పడుకుని, సాయంత్రం అదే బస్సును వెనక్కి తీసుకురావడం. అంటే ఈ ఉద్యోగంలో సగం పని చక్రం దగ్గర, సగం పని మంచం మీద. మంచం మీద పని సరిగ్గా చేయకపోతే చక్రం దగ్గర ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వానాకాలంలో వేరే కంపెనీ బస్సు ఒకటి, డ్రైవరు కునుకు తీయడంతో, రోడ్డు దిగి పొలంలో పల్టీ కొట్టింది. ప్రాణాలు పోలేదు గానీ చాలామందికి కాళ్లూ చేతులూ విరిగాయి. దాంతో అక్కవాళ్ల యజమానికి గుండెల్లో రాయి పడింది. డబ్బున్నవాడికి భయం పుడితే ఏం చేస్తాడు? ఏదో ఒక వస్తువు కొంటాడు. విశ్రాంతి గదిలోని పాత కొబ్బరిపీచు పరుపులు బయట పారేయించి, ఆరు కొత్త మంచాలు దింపించాడు.

అవి మామూలు మంచాలు కావు. మీట నొక్కితే తలవైపు లేస్తుంది, ఇంకో మీట నొక్కితే కాళ్లవైపు. పరుపు లోపల గాలి తిత్తులున్నాయి, పడుకున్న మనిషిని బట్టి నడుం కింద గట్టిపడతాయి, భుజం కింద మెత్తబడతాయి. చలేస్తే వెచ్చబడుతుంది. గుర్రు పెడితే తలవైపు దానంతటదే పైకి లేచి ఊపిరి తిన్నగా ఆడేలా చేస్తుంది. తలాపున ఒక చిన్న దీపం. నిద్ర బాగా పడితే పచ్చ, ఓ మోస్తరైతే పసుపు, పట్టకపోతే ఎరుపు. ఎవరి మంచం వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. ఆ లెక్కంతా మేనేజరు ఫోనుకు చేరుతుంది. పచ్చ వస్తేనే తాళం. ఎరుపు వస్తే బస్సు రిజర్వు డ్రైవరుకు, డ్రైవరు ప్రయాణికుల సీట్లోకి. వరసగా మూడు ఎరుపులు వస్తే ఇక దూరం బస్సే లేదు. కడగడానికి వచ్చిన బస్సుల్ని యార్డులో ముందుకీ వెనక్కీ జరుపుకోవడమే.

మొదటి రోజు అక్క దాని మీద నడుం వాల్చగానే ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ల సీటు నొప్పి వెన్నులోంచి ఎవరో చేత్తో తీసేసినట్టయింది. ఇలాంటి పరుపు కనిపెట్టినవాడు చల్లగా ఉండాలనుకుని కళ్లు మూసింది. లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది, తలాపున దీపం మాత్రం ఎర్రగా ఉంది.

"మీరు నిద్రపోలేదమ్మా," అన్నాడు మేనేజరు ఫోను చూసుకుంటూ. ఈయన పాతాయన కాదు, కొత్తాయన. చెడ్డవాడు కాదు. పైనుంచి ఏ మాటొస్తే ఆ మాట మోసేవాడు.

"శుభ్రంగా నిద్రపోయాను సార్."

"గంటగంటకీ మంచం దిగారని వచ్చింది."

"ఒక్కసారి కూడా దిగలేదు. కల కూడా వచ్చింది. చెప్పమంటారా?"

కల వినే ఓపిక మేనేజరుకు లేదు. మంచాలు అమర్చిన మనిషిని ఫోన్లో అడిగాడు, అవతలి నుంచి వచ్చిన జవాబు విని అక్క కాళ్ల వైపు చూశాడు.

సంగతేమిటంటే, అక్క నిద్రపోయే తీరే అది. కుడివైపు తిరిగి ముడుచుకుని పడుకుంటుంది. ఎడమ కాలు మంచం అంచు దాటి కిందికి జారి, పాదం నేలకు ఆనుతుంది. ఎంత ఒళ్లు తెలియని నిద్రలోనైనా ఆ పాదం నేలను వదలదు. ఒక పక్క బరువు తగ్గేసరికి పరుపు, ఈ మనిషి దిగిపోతోందని లెక్కేసుకుంది. పరుపు తప్పు కూడా కాదు పాపం. దానికి నేర్పినవాళ్లు కాళ్లు రెండూ పైన పెట్టుకుని పడుకునే జాతి.

"అంతేనా? రెండు కాళ్లూ పైన పెట్టుకుని పడుకోండి," అన్నాడు మేనేజరు, పెద్ద చిక్కు విడిపోయిందన్న సంబరంతో.

"నిద్రలో నా కాలు ఎక్కడుంటుందో నన్నడిగితే ఎలా సార్? నాకు నిద్ర పట్టింది. బండి నడపగలను. మీ ఎదురుగా నిలబడి చెబుతున్నా."

"మీరు చెబితే సరిపోదమ్మా. అది చెప్పాలి."

ఆ మాటకు అక్క ఒంటికాలి మీద లేచింది. "ఇన్నేళ్లు నా నోటి మాట మీద బస్సు నిండా జనాన్ని నాకప్పగించారు. ఇప్పుడు నా నిద్ర సంగతి నాకంటే పరుపుకు ఎక్కువ తెలుసా?" అని అడిగింది. మేనేజరు తాళం మాత్రం ఇవ్వలేదు.

రిజర్వు డ్రైవరు తాళం అందుకుంటూ, "ఏమనుకోకక్కా," అన్నాడు. అనుకోవలసినవన్నీ అనుకుంటూ ఆమె ప్రయాణికుల సీట్లో కూర్చుని ఇల్లు చేరింది. పచ్చి అవమానం. దారి పొడుగునా వాడు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆమె కాలు ఉత్త నేలను తొక్కింది.

ఇంట్లో భర్త కుట్టుమిషను ముందు కూర్చుని చొక్కాకు కాలరు వేస్తున్నాడు. మంచి మనిషే, గొంతు పెంచి ఎరగడు. అంతా విని, "కాలేగా, కాస్త పైన పెట్టుకుంటే పోయేదేముంది?" అన్నాడు.

అక్క జవాబు చెప్పేలోపే పక్క గదిలోంచి అత్తగారు వచ్చింది. ఈ అత్తాకోడళ్లకు ఏ రోజూ పడదు. కూర తరిగే తీరు దగ్గర్నుంచి తలుపు వేసే తీరు దాకా వాదనే. ఆ రోజు మాత్రం ముసలావిడ కొడుకు మీద విరుచుకుపడింది.

"ఆ డిపో గదికి గడియ లేని రోజుల్లో నువ్వెక్కడున్నావురా? పదిమంది మగాళ్లు గుర్రు పెట్టే గదిలో ఒక మూల మంచం మీద ఇది ఎలా పడుకుందో ఎప్పుడైనా అడిగావా? ఎవడైనా దగ్గరికొస్తే లేచి నిలబడ్డానికి ఒక కాలు నేల మీదే పెట్టుకుని పడుకుంది. నాకు చెప్పింది. నీకు చెబితే ఉద్యోగం మానేయమంటావని నీకు చెప్పలేదు."

భర్త మిషను ఆపేశాడు. అక్క తల తిప్పుకుంది. అది నిజమే. మొదటి రెండేళ్లు ఆ గదికి గడియ లేదు, చెక్క అడ్డు లేదు. ఆమె అప్పటి మేనేజరు బల్ల మీద గుద్ది గుద్ది అడిగితే చివరికి ఒక మూలను చెక్కతో వేరుచేసి, తలుపుకు గడియ పెట్టారు. గడియ వచ్చాక భయం పోయింది. కాలికి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు భర్త.

"చెప్పకుండానే నెగ్గాను కాబట్టి," అంది అక్క. "ఇప్పుడు ఆ కాలును పట్టుకుని నన్ను దించుతామంటే ఊరుకుంటానా? అది నా ఒంటి మీద నేను కట్టుకున్న గడియ. పరుపుకు నచ్చలేదని తీసేస్తానా?"

"తీయకు," అంది అత్తగారు. "ముందు అన్నానికి లే."

రెండోసారి కూడా ఎరుపే వచ్చింది. అప్పటికి డిపోలో ఇంకో నాటకం నడుస్తోంది. మిగతా డ్రైవర్లకూ ఆ పరుపుతో తిప్పలే. అందరికంటే పెద్దవాడు, అందరూ బాబాయ్ అని పిలిచే డ్రైవరు, ఘోరంగా గుర్రు పెడతాడు. ఆయన గుర్రు అందుకోగానే పరుపు తలవైపు లేచేది. ఆయన ఉలిక్కిపడి, ఎవరో లేపారనుకుని, "వస్తున్నా వస్తున్నా" అంటూ చెప్పుల కోసం వెతుక్కునేవాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే తంతు. ఆయన సంపాదన మీద నలుగురు బతుకుతున్నారు. ఎరుపు వస్తే యార్డు. పాపం ఏం చేస్తాడు?

అప్పుడు వాళ్లకు మొద్దు గుర్తొచ్చాడు. మొద్దు అంటే డిపో మెకానిక్కు. మనిషి బంగారం, నిద్రకు మాత్రం మహారాజు. బస్సు కింద నట్టు బిగిస్తూ బిగిస్తూనే నిద్రపోయి, పానా పట్టుకున్న చేత్తో దొరికేవాడు. గుర్రు పెట్టడు, పక్కకు దొర్లడు, వెల్లకిలా ఒక దుంగ. వాణ్ని బాబాయ్ పరుపు మీద పడుకోబెడితే పచ్చ వెలిగింది. ఇంకేముంది, వాడు ఓ పూట ఈయన మంచం మీద, ఓ పూట ఆయన మంచం మీద. మేనేజరు తన గదిలో కూర్చుని ఫోనులో పచ్చదనం చూసుకుని మురిసిపోయాడు. మొద్దు పెళ్లాం మాత్రం వచ్చి గోల పెట్టింది, మా ఆయన ఇంటికొచ్చి గుడ్లప్పగించి పైకప్పు చూస్తున్నాడు, ఏం చేశారు మీరు అని.

నవ్వొచ్చే సంగతే. కానీ మొద్దు పరుపు మీద పడుకున్నంతసేపూ బాబాయ్ ఎక్కడ పడుకున్నాడు? షెడ్డులో బల్ల మీద, సుత్తి మోతల్లో, ముఖం మీద తువ్వాలు కప్పుకుని. ఆ సాయంత్రం ఎర్రబారిన కళ్లతో ఆయన బస్సెక్కడం అక్క చూసింది.

"నువ్వూ నీ మంచం మొద్దుకు ఇచ్చెయ్యవే, వాడు కాదనడు," అన్నాడు బాబాయ్. "ఈసారి వస్తే నీది మూడో ఎరుపు."

"వద్దు బాబాయ్. నా బదులు వాడు నిద్రపోతే, నా బదులు దారెవరు చూస్తారు?"

"ఊరికే మాటలు చెప్పకు. యార్డులో బస్సులు జరుపుకునేవాడి గతి చూశావా?"

"చూశాను. నీ కళ్లు కూడా చూస్తున్నాను."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు వచ్చింది. ఆ పూట అక్క ధైర్యం సడలింది, అందులో దాపరికం ఎందుకు? దూరం బస్సు కోసం ఆమె ఎంత కొట్లాడిందో ఆమెకే తెలుసు. ఖాళీ రోడ్డు మీద ఆ పెద్ద చక్రం చేతిలో పట్టుకుంటే లోకంలో తనను ఎవరూ ఏమీ అనలేరనిపించేది. దాన్ని పోగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. సరే, ఒక్కసారికి తల వంచుదాం అనుకుంది. గడియ వేసి, రెండు కాళ్లూ మంచం మీదికి తీసుకుని, చాచి, వెల్లకిలా పడుకుంది. కదిలితే లెక్క తప్పుతుందని కదల్లేదు. ఊపిరి కూడా కొలిచినట్టు తీసింది. పరుపు ముచ్చటపడి నడుం కింద సర్దింది, మెడ కింద సర్దింది, పాదాల దగ్గర వెచ్చబడింది. కన్ను మాత్రం అంటుకోలేదు. కాలు కిందికి వెళ్తానని ఒకటే పోరు. దాన్ని బిగబట్టుకుని మిట్టమధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా పైకప్పు పలకలు చూస్తూ గడిపింది.

లేచేసరికి తలాపున పచ్చ. ఇంతవరకు ఎవరికీ రానంత పచ్చ అన్నారు.

బస్సు దగ్గర ప్రయాణికులు ఎక్కుతున్నారు. ఒకావిడ చంకలో పసిబిడ్డ, ఇంకో చేత్తో సంచి. మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చి తాళం చేతిలో పెట్టాడు. "చూశారా అమ్మా, నేను చెప్పింది వింటే ఎంత హాయో."

అక్క తాళం వైపు చూసింది, తలుపు దగ్గర ఆ పసిబిడ్డ వైపు చూసింది. కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఒక్క అడుగు ముందుకేస్తే చక్రం ఆమెదే. ఆ అడుగు వేయాలని ఎంత ఉందో చెప్పలేను.

"నేను నడపను సార్," అంది. "నాకు నిద్ర లేదు."

మేనేజరుకు అర్థం కాలేదు. "పచ్చ వచ్చిందమ్మా."

"పచ్చ దానికొచ్చింది, నిద్ర నాకు రాలేదు. కదలకుండా పడుకున్నాను, అంతే."

"ఎరుపు వస్తే నడుపుతానంటారు, పచ్చ వస్తే నడపనంటారు. నాతో ఆడుకుంటున్నారా?" ఆయన ఫోను ఆమె ముందుకు చాపాడు. "ఇది డ్యూటీ కాదనడం కిందికొస్తుంది. తర్వాత యార్డే. నా చేతిలో ఏం లేదు."

"యార్డుకే పంపండి. మొన్న నడపగలనన్నాను, అది నిజం. ఇవాళ నడపలేనంటున్నాను, ఇదీ నిజం. రెండుసార్లూ మీరు నా ముఖం చూడలేదు సార్, ఫోనే చూశారు."

ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. రిజర్వు డ్రైవరు అప్పటికే వేరే బస్సు తీసుకుని వెళ్లిపోయాడు. మేనేజరు చుట్టూ చూసి, అదే దారిలో తర్వాతి బస్సు తీయాల్సిన బాబాయ్‌ని పిలిచాడు. "మీకు పచ్చే ఉంది. ఇది మీరు తీసుకెళ్లండి, మీ దానికి ఇంకొకర్ని చూస్తాను."

బాబాయ్ వచ్చి తాళానికి చెయ్యి చాచాడు. అక్క అడ్డు నిలబడలేదు, గొంతు కూడా పెంచలేదు.

"బాబాయ్, ఆ పచ్చ నీదేనా?"

సరిగ్గా అప్పుడే విశ్రాంతి గది తలుపు తెరుచుకుని మొద్దు బయటికొచ్చాడు. చెంప మీద దుప్పటి మడతల అచ్చులు, నోరంతా తెరిచి ఆవులింత. అందరూ తనవైపే చూడటంతో ఆవులింత మధ్యలో ఆగిపోయింది. మేనేజరు వాణ్ని చూశాడు, వాడొచ్చిన తలుపును చూశాడు, ఫోను చూశాడు. బాబాయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయితే," అన్నాడు మేనేజరు, "ఇన్నాళ్లూ ఈ డిపోలో నిద్రపోయింది మెకానిక్కొక్కడేనా?"

సెలవులో ఉన్న ఇద్దరు డ్రైవర్లను ఇళ్ల నుంచి బతిమాలి రప్పించి, రెండు బస్సులూ బాగా ఆలస్యంగా పంపారు. ప్రయాణికుల తిట్లన్నీ మేనేజరే తిన్నాడు. అక్క తన మూల గదిలోకి వెళ్లి, గడియ వేసి, మంచం తీగను గోడలోంచి పీకేసి పడుకుంది. దీపం ఆరిపోయింది.

"యజమాని మాట్లాడాలంటున్నారు, ఆఫీసుకు రండి," అన్నాడు మేనేజరు తలుపు తట్టి.

"లేచాక వస్తాను సార్. ఎప్పుడు లేస్తానో పరుపును అడక్కండి, దానిక్కూడా తెలీదు."

లేచాక వెళ్లింది. ఫోన్లో యజమాని అరుపులన్నీ విని, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తన మాట చెప్పింది. మంచాలు తీసెయ్యొద్దు, అవి బంగారం లాంటివి. దీపాలు కూడా ఉండనివ్వండి, ఎవరికి కావాలంటే వాళ్లు చూసుకుంటారు. కానీ తాళం ఇచ్చే ముందు నిద్రపోయావా అని మనిషిని అడగండి. నిద్రపోయానంటే ఇవ్వండి, పోలేదంటే ఎందుకని అడక్కుండా ఇంకొకరికి ఇవ్వండి. పోలేదన్నవాణ్ని యార్డుకు పంపిస్తే ఇక ఎవడూ నిజం చెప్పడు, మీ బస్సులు మొద్దు నిద్ర మీదే నడుస్తాయి. అది కుదరదంటే నన్ను ఇప్పుడే యార్డుకు రాసేయండి, రేపట్నుంచి రోజూ వచ్చి ఇదే మాట అడుగుతాను. గడియ కోసం రెండేళ్లు అడిగినదాన్ని.

ఆమె ఫోను మేనేజరుకు ఇచ్చేసి వచ్చింది. తర్వాత యజమాని ఏమన్నాడో మేనేజరు బయట చెప్పలేదు. మూడో నాటి సాయంత్రం మాత్రం ఆయన ఫోను జేబులో పెట్టుకుని, తాళాల గుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మొదటి బస్సు బాబాయ్‌ది, గంట తర్వాతది అక్కది.

"నిద్రపోయారా?" అని అడిగాడు మేనేజరు. అడిగిన తీరు చూస్తే ఎవరినైనా ఆ మాట అడగడం ఆయనకు అదే మొదటిసారని తెలిసిపోయింది.

బాబాయ్ అలవాటుగా తల ఊపబోయి ఆగిపోయాడు. తల నెరిసేదాకా బస్సులు నడిపిన మనిషి. ఒక్క రోజు కూడా కాదనలేదు, కాదనొచ్చని ఆయనకెవరూ చెప్పలేదు. మేనేజరు ముఖంలోకి చూశాడు, చెప్పులవైపు చూసుకున్నాడు.

"లేదండి," అన్నాడు. "ఇవాళ పట్టలేదు."

మేనేజరు మొదటి బస్సు తాళం చేతిలోనే ఉంచుకున్నాడు. ఎందుకని అడగలేదు. బాబాయ్ గోడ పక్కన బల్ల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

అక్క ముందుకొచ్చి చెయ్యి చాచింది.

"నేను నిద్రపోయాను సార్. ఇలా ఇవ్వండి."